ఏ చెరువు నీళ్ళు తాగించారు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న రచయితలకు నమస్కారం. పొగడ్తలు ఇప్పటికే సరిపడా అయ్యాయి కాబట్టి నా వంతు వదిలేస్తున్నాను. నాకిచ్చిన విషయం, మంత్రాలున్న కల్పిత లోకంలో మధ్యయుగపు పోరు నమ్మేలా రాయడం. ఆయుధాలు, వ్యూహాలు, మంత్రాలు అని మూడు భాగాలు చేసుకొచ్చాను. ముందు ఒక్క ఫిర్యాదు చెప్పి వాటిలోకి వెళ్తాను.

మన కథల్లో సేనాని శత్రువును మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాడు. బాగుంది. ఆయన సొంత గుర్రాలు ఏ చెరువులో తాగాయండీ?

చిన్న దండునే తీసుకోండి. పదివేల కాల్బలం, మూడువేల గుర్రాలు. బరువు మోసే గుర్రానికి దాణా, గడ్డి కలిపి రోజుకు సుమారు 10 కిలోలు కావాలి. నీళ్ళు 30 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ. మనిషికి కిలో తిండి వేసుకోండి. రౌతుల తిండి పక్కన పెట్టినా రోజుకు 40 టన్నుల మేత, తిండి అయింది. నీళ్ళు గుర్రాలకే 90,000 లీటర్లు. బండికి అర టన్ను ఎత్తితే రోజుకు 80 బండ్లు, ఐదు రోజులకు 400 బండ్లు. ఆ బండ్ల ఎడ్లు కూడా మేస్తాయి, వాటి లెక్క నేనింకా వేయలేదు. అందుకే దండు ఏటి ఒడ్డు పట్టుకుని నడిచేది, దారిలోని ఊళ్ళ గాదెలు ఊడ్చేది, గడ్డి లేని నెలల్లో కదలడానికి జంకేది.

మనకు అంకెలంటే ఆట. భారతంలోని సేనల లెక్క, అక్షౌహిణి అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అందులో రథాలకు కట్టినవి కాకుండానే 65,610 గుర్రాలు. వాటికి రోజుకు దాదాపు 20 లక్షల లీటర్ల నీళ్ళు. పురాణానికి చెల్లుతుంది. మీరు నవల రాస్తున్నారు, చెల్లదు.

ఇదే దండును బాట మీద పెట్టి చూడండి. కాల్బలం నలుగురేసి నడిస్తే, వరసకు మీటరున్నర చొప్పున దాదాపు 4 కిలోమీటర్లు. రౌతులు ఇద్దరేసి, వరసకు 4 మీటర్లు, మరో 6 కిలోమీటర్లు. బండ్లు ఒకదాని వెనక ఒకటి ఇంకో 4. మొత్తం 14 కిలోమీటర్ల పాము. తల 18 కిలోమీటర్లు నడిచి డేరాలు దించుతుంటే, తోక పాత విడిది నుంచి 4 కిలోమీటర్లే వచ్చి ఉంటుంది. ఆ తోకలో ఉన్నది దాణా. మెరుపుదాడి రాయాలనుకునేవాళ్ళు తలను వదిలేసి అక్కడ రాయండి.

నీళ్ళ సంగతి వదలను. 1187 జులై 3. జెరూసలేంను ఏలుతున్న క్రైస్తవ రాజు గై, దాదాపు 20,000 మందితో సఫూరియా ఊటల దగ్గర నుంచి బయల్దేరాడు. అందులో కవచధారులైన రౌతులు 1,200 మంది. ముస్లిం సుల్తాన్ సలాదీన్ ముట్టడించిన, గలిలీ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియా పట్నాన్ని విడిపించాలి. దూరం పాతిక కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఇంతమందికి చాలినంత నీరు లేదు. సలాదీన్ గుర్రపు విలుకాళ్ళు గై సేన వెనక భాగాన్ని పొద్దుటి నుంచి కొరుకుతూనే ఉన్నారు. వెనక ఆగితే ముందు ఆగాలి. సాయంత్రానికి నీరు లేని మెట్ట మీద చిక్కుకుని రాత్రంతా అక్కడే. సలాదీన్ మనుషులకు సరస్సు నీళ్ళు ఒంటెల మీద వస్తున్నాయి. తెల్లారాక ఎండుగడ్డికి నిప్పుపెడితే పొగ వచ్చి దాహంతో ఉన్న గొంతుల్లో పడింది. కాల్బలం వ్యూహం వదిలేసి హత్తీన్ కొమ్ముల గుట్ట ఎక్కింది. కిందికి దిగి పోరాడమని రాజు కబురు పెడితే, దాహంతో చస్తున్నాం, రాలేమన్నారు. అక్కడి నుంచి చూస్తే ఆ సరస్సు కనిపిస్తుంది. పట్టుబడ్డ గైని డేరాలోకి తెస్తే సలాదీన్ ముందుగా ఇచ్చింది చల్లటి పానీయం.

గమనించారా, ఈ పోరును తేల్చింది కత్తి కాదు.

ఇప్పుడు ఆ మెట్ట మీద మీ మంత్రగాణ్ణి దించండి. అందరూ చేసే పని, వాడి చేతిలో నిప్పుబంతి పెట్టడం. నేను నీటి మంత్రం పెట్టమంటాను. రోజుకు వెయ్యి లీటర్లు రప్పించగలడు, ఆ తర్వాత సొమ్మసిల్లి పడిపోతాడు. వెయ్యి లీటర్లంటే 33 గుర్రాలు. ఏ 33? రాజుగారివా? పక్కన బల్లెం పట్టుకుని నాలుక పిడచగట్టుకుపోయిన పదివేల మంది ఆ గుర్రాలు తాగుతుంటే చూస్తూ నిలబడతారా? మంత్రానికి కొలత పెట్టారు, కథ దానంతటదే పుట్టింది. కొలత లేకపోతే పుట్టదు. కర్ణుడి శక్తి అనే ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది, అర్జునుడి కోసం దాచుకున్నాడు, ఘటోత్కచుడి మీద ఖర్చు చేయక తప్పలేదు. ఆ 'ఒక్కసారే' తీసేయండి, ఏముంటుంది? ఈ సూత్రం మన ఇంట్లోనే ఉండగా ఎక్కడెక్కడో వెతుకుతాం.

ఆయుధాలు త్వరగా చెప్పేస్తాను. నిలువెల్లా ఉక్కు పలకల కవచం 20 నుంచి 25 కిలోలు. ఒళ్ళంతా పంచుకుని ఉంటుంది కాబట్టి అది తొడిగి పరుగెత్తొచ్చు, గుర్రం ఎక్కొచ్చు. ఇబ్బంది ఉక్క, ఊపిరి. కత్తితో ఆ పలక తెగదు. దయచేసి తెగ్గొట్టకండి. గదతో మోదుతారు, కిందపడేసి చంకలోనో, ముసుగు సందులోనో బాకు దింపుతారు. విలుకాడి కట్టలో 24 అమ్ములు. నిమిషానికి ఆరు వేస్తే నాలుగు నిమిషాల్లో కట్ట ఖాళీ. మీరు సాయంత్రం దాకా బాణాల వాన కురిపిస్తే అమ్ముల బండి ఎక్కడుందో కూడా రాయాలి.

గుర్రం, బల్లేలు కదలకుండా నిలబడ్డ గోడ మీదికి దూకదు. గోడ చెదిరితే దూకుతుంది. కాల్బలం భుజం భుజం కలిపి నిలబడేది అందుకే. ఇక్కడ నిప్పుబంతి పడిందనుకోండి. గుంపుగా ఉంటే మాడిపోతారు, విడిపోతే రౌతుల పాలవుతారు. నిప్పు లక్ష్యం మనుషుల్ని చంపడం కాదు, గోడను విడగొట్టడం. మంత్రం పడ్డ మరుక్షణం రౌతులు అక్కడ లేకపోతే వృథా. గుర్రం చివరి వంద మీటర్లలోనే పూర్తి వేగం అందుకుంటుంది, ముందే దౌడు తీయిస్తే చేరేసరికి రొప్పుతుంది. కాబట్టి మంత్రం ఎప్పుడు వేయాలో రౌతుల నడకను బట్టి తేల్చాలి. ఇంకోటి, పెద్ద విల్లు 200 మీటర్లు దాటి కొడుతుంది. మీ మంత్రం వంద మీటర్లే వెళ్తే, వాడికి డాలు పట్టేవాళ్ళు ఇద్దరు కావాలి. వాళ్ళకు పేర్లు పెట్టండి, ఎందుకంటే ముందు పోయేది వాళ్ళే.

అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండు నిమిషాలు.

నిప్పు కన్నా భయంకరమైన మంత్రం దూరాన ఉన్నవాడితో మాట్లాడగలగడం. అసలు పోరులో సేనాని గొంతు వంద అడుగులు దాటి వినిపించదు. నగారా, కొమ్ము, జెండా, కబురు మోసే రౌతు, అంతే. దుమ్ములో ఎవరికీ ఏమీ కనపడదు. 1066లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ దగ్గర నార్మన్ సేనాని విలియం చచ్చాడన్న పుకారుకే అతని సేన కాళ్ళకు బుద్ధి చెప్పబోయింది. శిరస్త్రాణం ఎత్తి మొహం చూపిస్తే గానీ నిలబడలేదు. 1565లో రక్కసి తంగడి దగ్గర విజయనగర సేనాని రామరాయల తల బల్లెం మీద కనిపించింది, ఇక ఆపేవాడు లేకపోయాడు. సేన ఎక్కువగా చచ్చేది పోరాడుతూ కాదు, వెన్ను చూపాక. కాబట్టి మీ లోకంలో మొహాలు మార్చే మంత్రం ఉంటే, ఒక్క నిప్పురవ్వ లేకుండా, అబద్ధపు తల ఒకటి చూపించి పోరు ముగించొచ్చు. అది రాయండి, నేను చదువుతాను.

వ్యూహాల భాగం మొత్తం మిగిలిపోయింది. పోనీ. మధ్యాహ్నం మీ అధ్యాయాలతో వస్తున్నారుగా, వచ్చేముందు ఒక పని చేయండి. పోరుకు ముందు రాత్రి మీ దండు విడిది ఎక్కడో, నీళ్ళు అక్కడికి ఎంత దూరమో, బిందెలు మోసిందెవరో మార్జిన్‌లో రాసుకుని రండి. అది లేని అధ్యాయం నా బల్ల మీద పెట్టొద్దు. నమస్కారం.