అడిగి దిగండి

శ్రోతలందరికీ నమస్కారం.

మా తాతగారి జొన్నచేలో ఒక మంచె ఉండేది. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా ఎవరో ఒకరు దాని మీదే. పిట్ట వచ్చినా, పంది వచ్చినా, మనిషి వచ్చినా ముందు చూసేది మంచె మీదివాళ్లే. ఆ మంచె మొన్న నాకు చాలా దూరంలో కనిపించింది. కెనడా పడమటి తీరానికి అవతల, పసిఫిక్ సముద్రంలో హైడా గ్వాయ్ అనే దీవులున్నాయి. వాటి గురించి చదువుతుంటే గుర్తొచ్చింది.

అక్కడి మూలవాసులు హైడాలు. ఎర్ర సెడార్ మానును నిలువునా చెక్కి ఇళ్ల ముందు స్తంభాలు నిలబెట్టేవాళ్లు. కొన్ని స్తంభాల కొసన మూడు బొమ్మలు, పొడుగు టోపీలు పెట్టుకుని కూర్చుని ఉంటాయి. అవి కావలి బొమ్మలు. కీడు వస్తుంటే ఊరి పెద్దకు ముందే చెబుతాయట. మన మంచే కదా!

1862లో మశూచి వచ్చింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలినవాళ్లు చివరికి రెండు ఊళ్లకు చేరారు. పాత ఊళ్లలో స్తంభాలే మిగిలాయి. తర్వాత పడవల మీద వచ్చినవాళ్లు చేతికి దొరికింది పట్టుకుపోయారు. కొన్ని స్తంభాలు మ్యూజియంలకు చేరాయి. అది చూడలేక హైడాలే కదిలారు. 1981 నాటికి కొందరు సొంతంగా వెళ్లి, ఎండాకాలమంతా ఆ పాత ఊళ్లలోనే కాపురం పెట్టారు. వాళ్ల పేరు వాచ్‌మెన్. మనకు వాచ్‌మన్ అంటే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీ గుర్తొస్తుంది. ఆయన్ని అడిగి లోపలికి వెళ్లేవాళ్లు ఎందరు చెప్పండి? అక్కడ అడగాలి. అడిగే దిగాలి.

ఎలాగో చెబుతాను. స్గాంగ్ గ్వాయ్ అని దక్షిణాన ఒక చిన్న దీవి. 1981లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. మీ పడవ తీరం దగ్గరికి వచ్చింది. దిగకూడదు. పడవలోని రేడియోలో ఆరో చానల్ పెట్టి వాచ్‌మెన్‌ని పిలవాలి. "మేం ఇంతమందిమి, రావచ్చా?" అని అడగాలి. అప్పటికే ఒడ్డున జనం ఉంటే ఆగమంటారు. ఒకసారికి పన్నెండు మందే. ఆగాలి. పిలిచాక దిగాలి. దారికి రెండువైపులా తెల్లటి ఆల్చిప్పలు పరిచి ఉంటాయి. ఆ గీత దాటి అడుగు వేయకూడదు. ఎవరి తాతముత్తాతలు అక్కడ బతికారో వాళ్లే పక్కన నడుస్తూ ఈ ఇల్లు ఎవరిది, ఈ స్తంభం ఎవరిది అని చెబుతారు. స్తంభాలు వాలిపోయి, పాచి పట్టి ఉంటాయి. అవి మెల్లగా మట్టిలో కలవడం సహజమని హైడాలు అంటారు. కావలి ఉన్నది వాటిని మనుషులు పాడుచేయకుండా. వానకూ గాలికీ అడ్డుపడటానికి కాదు. ఈ మాట నాకు భలే నచ్చింది. మనమైతే ఈపాటికి సిమెంటు దిమ్మె కట్టి, పైన రంగులు వేసేవాళ్లం.

ఇదంతా ఊరికే రాలేదులెండి. 1985లో లయల్ దీవిలో చెట్లు నరకొద్దని హైడాలు దారికి అడ్డం కూర్చున్నారు. పెద్దవాళ్లతో సహా 72 మందిని అరెస్టు చేశారు. 1993లో ప్రభుత్వమూ హైడాలూ కలిసి దక్షిణపు దీవులను చూసుకునేలా ఒప్పందం కుదిరింది. ఇప్పుడు ఆ ఒప్పందం కింద, స్గాంగ్ గ్వాయ్‌తో సహా, ఉన్న చోటే గ్వాయ్ హానాస్.

మీ పిల్లలో, అల్లుడుగారో వాంకూవర్ వైపు ఉండి, అటు వెళ్దామనుకుంటే ఒక్కటి చెప్పండి. గ్వాయ్ హానాస్‌లో అడుగు పెట్టేముందు అక్కడి పద్ధతులు వివరించే ఓరియంటేషన్ తప్పకుండా పూర్తి చేయాలి, ప్రయాణం ముందే బుక్ చేసుకోవాలి. సొంత పడవలో వెళ్తే రేడియో మరిచిపోవద్దు. ఆరో చానల్. పిలిచి, జవాబు వచ్చేదాకా పడవలోనే కూర్చోమనండి.