పాత కారు ఛార్జింగ్ సమస్యకి మామూలు మల్టీమీటర్ చాలా?

నమస్కారమండీ. ఇది అందరి దగ్గరా ఉండే మామూలు డిజిటల్ మల్టీమీటర్. పాత కారులో ఛార్జింగ్ ఎక్కడ ఆగిపోతోందో దీంతో దొరుకుతుందా? దొరుకుతుంది. ఒక్క డయోడ్ల విషయంలో తప్ప, అంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పితే కరెంటు తయారుచేసేది) లోపల ఏసీని డీసీగా మార్చే భాగాలు.

ముందు డీసీ 20 వోల్టుల స్కేలు. రాత్రంతా కదలని బండికి బ్యాటరీ 12.6 చూపిస్తే ఫుల్, 12.2 అయితే సగమే. ఇంజిన్ 2000 ఆర్‌పీఎమ్‌లో ఉంటే 13.8 నుంచి 14.5 రావాలి. 15 దాటిందా, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. 12 దగ్గరే ఉండిపోయిందని వెంటనే ఆల్టర్నేటర్ విప్పకండి. బెల్టు వదులైందేమో చూడండి. తర్వాత తాళం ఆన్ చేసి బ్యాటరీ లైటు వెలుగుతోందా చూడండి. చాలా పాత బళ్ళలో ఆ బల్బు గుండానే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు అందుతుంది. బల్బు మాడిందంటే, ఆల్టర్నేటర్ ఎంత బాగున్నా ఛార్జింగ్ మొదలవ్వకపోవచ్చు.

ఈ మీటరు డబ్బులు వసూలయ్యేది ఇప్పుడు. ఇంజిన్ నడుస్తోంది, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్. స్కేలు 2 వోల్టులు. ఒక ప్రోబ్ (మీటరు వైరు మొన) ఆల్టర్నేటర్ బాడీకి, రెండోది బ్యాటరీ మైనస్ పోస్టుకి, దాన్ని పట్టుకున్న వైరు క్లాంపుకి కాదు, నడిమధ్య సీసం మీదే. 0.68! దారిలో ఇంత వోల్టేజీ పోతోంది, 0.2 లోపు ఉండాలి. ఇప్పుడు ఆ ప్రోబ్‌నే క్లాంపు మీదికి జరుపుతున్నా... 0.09. అంటే ఎర్త్ వైరు బాగానే ఉంది, పోస్టుకీ క్లాంపుకీ మధ్య చిలుమే దొంగ. రెసిస్టెన్స్ కొలిచే ఓమ్స్ స్కేలులో ఇది చచ్చినా కనపడదు. 30 ఆంపియర్లు పారేచోట 0.02 ఓమ్ ఉన్నా 0.6 వోల్టు పోతుంది, ఈ మీటరు వైర్లకే అంతకన్నా ఎక్కువ రెసిస్టెన్స్ ఉంటుంది. ప్లస్ వైపూ ఇలాగే, ఆల్టర్నేటర్ వెనక లావు బోల్టు నుంచి ప్లస్ పోస్టుకి. శుభ్రం చేసేటప్పుడు ఇంజిన్ ఆపి, మైనస్ ముందు తీయాలి, చివర్లో పెట్టాలి.

ఇక లోపాలు. డయోడ్ పాడైతే బ్యాటరీ మీద ఏసీ కనపడుతుంది అంటారు, నిజమే. కానీ ఇలాంటి చవక మీటర్లలో ఏసీ స్కేళ్ళు 200 వోల్టుల స్కేలు నుంచే మొదలు, పైగా కొన్ని డీసీనే ఏసీగా లెక్కేసి పెద్ద అంకె చూపిస్తాయి. నమ్మకండి.

రెండోది 10 ఆంపియర్ల సాకెట్. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే, మైనస్ విప్పి మధ్యలో మీటరు పెడతాం. అన్నీ ఆఫ్ చేసి కాసేపు ఆగాక 0.05 ఆంపియర్ లోపు ఉండాలి, ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ అంకె ఎప్పుడు పడుతుందో చూడాలి. ఈలోపు సెల్ఫ్ కొట్టకండి. చాలా మీటర్లలో ఆ సాకెట్‌కి ఫ్యూజు ఉండదు. పనయ్యాక ఎర్ర ప్రోబ్‌ని వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మర్చిపోయి బ్యాటరీకి ఆనించారో, నేరుగా షార్టే. నేనైతే ముందు ప్రోబ్ మారుస్తా, ఆ తర్వాతే మీటరు కింద పెడతా.