బ్రౌజర్‌లో తిష్ఠ వేసిన సెర్చ్ టూల్‌బార్‌ను కూకటివేళ్లతో తీసివేయడం ఎలా?

నమస్కారం. అడ్రస్ బార్‌లో ఒక మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే, మీరు ఏనాడూ ఎంచుకోని సెర్చ్ సైటు తెరుచుకుంటోందా? సెట్టింగ్స్ మార్చినా మర్నాటికి అదే తిరిగి వస్తోందా? ఇలా చేసే టూల్‌బార్‌ను, లేదా ఎక్స్‌టెన్షన్‌ను (బ్రౌజర్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్), బ్రౌజర్ హైజాకర్ అంటారు. మీ వెతుకులాటను తన సైటు మీదుగా మళ్లించి, అక్కడ చూపే ప్రకటనల ద్వారా డబ్బు సంపాదించడమే దాని పని.

ఇటీవల మా బంధువుల ఇంట్లో ఇలాంటి కంప్యూటర్‌నే చూశాను. పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికి, ఎవరిదో తెలియని సైటులో పచ్చటి డౌన్‌లోడ్ బటన్ నొక్కారు. ఆ తరువాత బ్రౌజర్‌లో చేరిన ఎక్స్‌టెన్షన్‌ను మూడుసార్లు తీసివేసినా హైజాకర్ పోలేదు.

ఇందులో వాడేవారిని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒకప్పుడు ఒరాకిల్ సంస్థ జావా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే, ఆస్క్ అనే సెర్చ్ సైటు టూల్‌బార్‌ను కూడా వేసుకోమనే పెట్టె ముందే టిక్ చేసి ఉండేది. ఆ టూల్‌బార్ పాత వెర్షన్లను 2015లో మైక్రోసాఫ్ట్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా పరిగణించింది.

[తెర మీద: విండోస్ సెట్టింగ్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్]

మొదట బ్రౌజర్ జోలికి వెళ్లకండి. జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం అమర్చి, సమస్య మొదలైన రోజున వచ్చిన ప్రోగ్రామ్‌లను చూడండి. మీరు కోరి వేసుకోనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అయితే పేరు తెలియని ప్రతిదీ చెడ్డది కాదు, ప్రింటర్ వంటి పరికరాలను నడిపే డ్రైవర్లు కూడా అక్కడే ఉంటాయి కనుక ముందుగా ఆ పేరును వెతికి నిర్ధారించుకోండి. తరువాత క్రోమ్‌లో అనవసరమైన ఎక్స్‌టెన్షన్లు తీసివేసి, సెర్చ్ ఇంజిన్‌ను, స్టార్టప్ పేజీని, నోటిఫికేషన్ అనుమతులను సరిచేయండి.

[తెర మీద: డెస్క్‌టాప్‌పై క్రోమ్ ఐకాన్, రైట్ క్లిక్, ప్రాపర్టీస్]

చాలామంది చూడకుండా వదిలేసే చోటు ఇదే. షార్ట్‌కట్ ట్యాబ్‌లో టార్గెట్ అనే పెట్టెలో క్రోమ్ ఫైలు దారి కొటేషన్ గుర్తుల మధ్య ఉంటుంది. మా బంధువుల కంప్యూటర్‌లో ఆ చివరి గుర్తు తరువాత ఒక ఖాళీ, దాని పక్కనే ఒక వెబ్ చిరునామా కనిపించాయి. అందుకే సెట్టింగ్స్ ఎంత సరిచేసినా, ఐకాన్ నొక్కిన ప్రతిసారీ ఆ పేజీయే ముందుగా తెరుచుకుంది. ఆ చిరునామాను మాత్రమే చెరిపి, అప్లై నొక్కండి. ప్రొఫైల్ డైరెక్టరీ అనే మాట ఉంటే అది క్రోమ్‌దే, దాన్ని ఉంచండి. టాస్క్‌బార్‌లోని ఐకాన్ వేరే షార్ట్‌కట్ కనుక దాన్ని అన్‌పిన్ చేసి, మళ్లీ పిన్ చేయండి.

ఇక మూడు చుక్కల మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉందేమో చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లో అది సహజం, దాన్ని ముట్టుకోవద్దు. సొంత కంప్యూటర్‌లో కనిపిస్తే మాత్రం, ఏదో ప్రోగ్రామ్ విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) పాలసీ, అంటే బ్రౌజర్ తప్పక పాటించాల్సిన నియమం, రాసిందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా రాస్తాయి. కానీ ఎక్స్‌టెన్షన్‌కు రిమూవ్ బటన్ పనిచేయకపోవడానికి హైజాకర్ రాసిన పాలసీ కారణం కావచ్చు. రిజిస్ట్రీని చేత్తో మార్చే అలవాటు లేనివారు ఇలాంటి అవాంఛిత ప్రోగ్రామ్‌లను వెతికి తీసివేసే యాడ్‌డబ్ల్యూక్లీనర్‌ను దాని యజమాని మాల్‌వేర్‌బైట్స్ సొంత సైటు నుంచే దించుకుని స్కాన్ చేయడం మేలు. పాత వీడియోల్లో చెప్పే క్రోమ్ సొంత క్లీనప్ టూల్‌ను గూగుల్ 2023లో తొలగించింది, దానికోసం వెతకవద్దు.

అప్పటికీ తేడా కనిపిస్తే క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ చేయండి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు చెరిగిపోతాయి.

తీసివేసిన ఎక్స్‌టెన్షన్‌కు అన్ని సైట్లలోని సమాచారాన్ని చదివే అనుమతి ఉండి ఉంటే, కంప్యూటర్ శుభ్రపడిన తరువాత బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. అంతకుముందే మార్చితే కొత్తవి కూడా దాని కంట పడవచ్చు.

మా బంధువుల ఇంట్లో ఇన్ని చేశాక కూడా సాయంత్రానికి ఆ ఎక్స్‌టెన్షన్ మళ్లీ కనిపించింది. వారి అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనూ అదే గూగుల్ అకౌంట్ ఉంది, అదే ప్రోగ్రామ్ ఉంది. ఒకే అకౌంట్ ఉన్న బ్రౌజర్ల మధ్య ఎక్స్‌టెన్షన్లను, సెట్టింగ్స్‌ను పంచే సింక్ ద్వారా అది తిరిగి వచ్చింది. రెండింటిలోనూ సింక్ ఆపి, ల్యాప్‌టాప్‌ను కూడా ఇదే వరుసలో శుభ్రం చేసి, రెండూ రీస్టార్ట్ చేశాకే సింక్‌ను మళ్లీ ఆన్ చేశాము.