ఎండాకాలంలో పారే లూణీని నమ్మకండి

నమస్కారం. స్క్రీన్ మీద ఈ ఇసుక చూస్తున్నారు కదా, ఇది బండ్లబాట కాదు, నది. రాజస్థాన్‌లో బాలోత్రా దగ్గర లూణీ. ఇప్పుడు కాస్త దూరంగా చూడండి, సన్నగా మట్టిరంగు నీళ్లు వస్తున్నాయి. ముందు నురగ, దానికంటే ముందు ఎండుపుల్లలు, చెత్త. ఊరి జనం డోళ్లు వాయిస్తూ ఎదురెళ్లి పూజ చేస్తున్నారు. వానాకాలంలో మాత్రమే వచ్చే చుట్టం మరి! కొన్నేళ్లు అదీ రాదు.

అజ్మీర్ దగ్గర ఆరావళి కొండల్లో పుట్టి, నైరుతిగా సుమారు 495 కిలోమీటర్లు నడిచి, గుజరాత్‌లోని కచ్ రణ్ ఉప్పునేలలో ఇంకిపోతుంది. సముద్రం మొహం చూడదు. లవణం అన్న మాటే లూణీ అయింది. బాలోత్రా దాకా నీళ్లు తియ్యగానే ఉంటాయి. ఆ కింద నేలలో ఉన్న ఉప్పు కలుస్తుంది, ఎండకి నీరు ఆవిరై ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. పక్కనే ఉన్న పచ్‌పద్రాలో ఆ ఉప్పే బతుకుతెరువు. గుంటలు తవ్వి, ఊరిన ఉప్పునీటిలో ముళ్లకొమ్మలు పడేస్తారు. కొన్నాళ్లకి బయటికి లాగితే కొమ్మ కనిపించదు, ముల్లు ముల్లుకీ కలకండలా గడ్డకట్టి ఉంటుంది.

ఉపనదులన్నీ దాదాపు ఆరావళి వైపు నుంచే వస్తాయి. ఆనకట్టలూ అటే ఎక్కువ. 1957లో పూర్తయిన జవాయి డ్యామ్ వాటిలో పెద్దది. దాని చుట్టూ రాతికొండల్లో చిరుతలుంటాయి, అది వేరే వీడియో. ఒకప్పుడు జోధ్‌పూర్‌కి ఈ జవాయి నీళ్లే వెళ్లేవి. 2022లో జవాయి అడుగంటితే, అదే జోధ్‌పూర్ నుంచి పాలీ పట్టణానికి రైలు ట్యాంకర్లలో నీళ్లు తెచ్చారు. జోధ్‌పూర్‌కి ఇప్పుడు ఎక్కడో హిమాలయాల నీళ్లు ఇందిరాగాంధీ కాలువ మీదుగా వస్తున్నాయి కాబట్టి సరిపోయింది.

పొలాల సంగతికొస్తే, వానకి సజ్జ, పెసర, గోరుచిక్కుడు. చలికాలంలో బావుల కింద జీలకర్ర. చెరువుల్లో నీరు తగ్గేకొద్దీ బయటపడే తడినేలలో కూడా విత్తుతారు. మిగతాదంతా గొర్రెలకి, మేకలకి బీడు. ఇక్కడ అసలు జలాశయం డ్యామ్ కాదండీ, ఇసుకే. పారిన నాలుగు రోజుల్లో నది తాగించిన నీరే ఆ తర్వాత ఒడ్డున బావుల్లోకి ఊరుతుంది.

కష్టమొచ్చింది సరిగ్గా అక్కడే. పాలీలో బాండీ నది, జోధ్‌పూర్ దగ్గర జోజరీ (రెండూ లూణీ ఉపనదులే), బాలోత్రాలో లూణీ. ఈ మూడు చోట్లా బట్టలకి రంగులద్దే పరిశ్రమలున్నాయి. వాటి మురుగు నదిలోకి చేరుతోంది. వాననీటిని దాచినట్టే ఇసుక దాన్నీ దాచుకుంటుంది, అదే బావిలోకి పంపుతుంది. పాలీ దిగువన నెహ్‌డా డ్యామ్ రైతులు దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు జోజరీ కాలుష్యాన్ని తనంతట తానే విచారణకి తీసుకుంది.

ఎడారి నది ఎండితే అది దాని స్వభావం, దానికి కంగారు పడక్కర్లేదు. మే నెలలో జోజరీ నిండుగా పారుతున్న వీడియో ఎవరైనా మీకు పంపితే మాత్రం, షేర్ చేసే ముందు ఒకసారి నీటి రంగు చూడండి.