పాత ట్రాక్టర్‌కి ట్రక్కు జాకీ కలిపితే వాల్వు ఎందుకు కారింది

వ్యాఖ్యాత: పనిముట్ల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. చాలా ఏళ్లు ట్రాక్టర్ వర్క్‌షాపు నడిపిన మెకానిక్ గారు ఈరోజు మన స్టూడియోలో ఉన్నారు. ఫోన్ వచ్చేసింది. హలో, ఎక్కడి నుంచండీ?

మొదటి రైతు: పొన్నూరు దగ్గర్నుంచండీ. నమస్తే సార్. నాది పాత బండి, మా నాన్నగారు కొన్నది. వెనక పనిముట్లు ఎత్తే లిఫ్ట్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. మొన్న జాకీ ట్రక్కు, అదే జాకీతో లేచే ట్రాలీ, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, పాత సామాన్ల కొట్లో ఒక లివర్ ఉన్న వాల్వు కొని బిగించాం. నాలుగు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. ఐదో రోజు రోటావేటర్ ఎత్తుతుంటే వాల్వు లివర్ కాడ నూనె చిమ్మింది. ప్యాంటంతా నూనే.

మెకానిక్: ముందు ఒకటి చెప్పండి. మీ బండికి పంపు ఎక్కడుంది? బయటికి కనిపిస్తుందా, వెనక హౌసింగ్, అంటే గేర్లు, నూనె ఉండే పెట్టె లోపలుందా?

మొదటి రైతు: బయటే సార్, ఇంజన్ పక్కన. అక్కడి నుంచి ఇనప పైపు కాళ్లు పెట్టే రేకు కిందుగా లిఫ్ట్‌కి పోతుంది.

మెకానిక్: గేర్ పంపు. సరే. ఆ పైపు కోసి మధ్యలో వాల్వు పెట్టారు, అంతేనా? పంపు పైపు ‘పీ’ అని రాసున్న రంధ్రానికి ఇచ్చారు. మరి లిఫ్ట్‌కి వెళ్లే పైపు?

మొదటి రైతు: ‘టీ’ అని ఉంది కదండీ, దానికి.

మెకానిక్: అదీ సంగతి. మీరొక్కరే కాదు, పదిమందిలో ఏడుగురు ఇలాగే బిగిస్తారు. చూస్తే సబబుగానే ఉంటుంది మరి. ఓ వైపు నూనె వస్తోంది, ఇంకో వైపు పోతోంది. కానీ టీ అంటే ట్యాంకు. తిరిగి వెళ్లే నూనె దారి అది, ప్రెజర్ ఉండని దారి. వాల్వు లోపల కడ్డీ ఉంటుంది చూడండి, మీ లివర్ కదిపేది, దాని రెండు కొసల్లో ఉండే సీళ్లు ఆ టీ వైపు నూనెనే ఆపుతుంటాయి. మీరు దాని అవతల లిఫ్ట్ పెట్టారు. రోటావేటర్ ఎత్తగానే లిఫ్ట్‌లో చదరపు సెంటీమీటరుకి 150 కేజీల దాకా ప్రెజర్ వస్తుంది. అదంతా వెనక్కి ఆ చిన్న సీలు మీద పడింది. లివర్ కాడ రబ్బరు టోపీ ఉబ్బిందా?

మొదటి రైతు: ఉబ్బి, బుడగలా అయి, టప్‌మని ఊడిందండీ.

మెకానిక్: ఆఁ. నాలుగు రోజులు ఆగిందంటే మంచి సీలే.

వ్యాఖ్యాత: మరి లిఫ్ట్‌కి నూనె ఎక్కడి నుంచి ఇవ్వాలండీ?

మెకానిక్: మూడు పైపులు కావాలి. పంపు నుంచి ‘పీ’ రంధ్రానికి ఒకటి. వాల్వు నుంచి లిఫ్ట్‌కి ఒకటి, అది ప్రెజర్ తట్టుకునే దారి. టీ నుంచి వెనక హౌసింగ్‌కి విడిగా ఇంకొకటి. లిఫ్ట్‌కి వెళ్లే ఆ రెండో దారి కోసం చాలా వాల్వుల్లో చివర ఒక పెద్ద బిరడా ఉంటుంది. దాన్ని విప్పి స్లీవ్ అని చిన్న గొట్టంలాంటి ముక్క బిగిస్తారు. కొట్లో ‘పవర్ బియాండ్ స్లీవ్’ అని అడగాలి, మీ వాల్వు చేత్తో పట్టుకెళ్లి మరీ అడగాలి, ఎందుకంటే ఒకదాని స్లీవ్ ఇంకోదానికి సరిపోదు. అసలు ఆ చోటే లేని వాల్వులూ ఉన్నాయి. మీది అలాంటిదైతే అమ్మేసి వేరేది కొనండి, కుస్తీ పట్టకండి.

మొదటి రైతు: సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది సార్?

మెకానిక్: నోటితో ఊదండి. నిజంగానే. లివర్ మధ్యలో ఉంచి, వాల్వును డీజిల్‌తో కడిగి, పీ రంధ్రంలో శుభ్రమైన ప్లాస్టిక్ గొట్టం పెట్టి ఊదితే గాలి లిఫ్ట్ దారి నుంచి రావాలి, టీ నుంచి రాకూడదు. ఎటూ రాకపోతే అది మధ్యలో మూసుకునే రకం, మీ బండికి పనికిరాదు. గేర్ పంపు ఇంజన్ తిరిగినంతసేపూ నూనె తోస్తూనే ఉంటుంది కదా, దారి లేకపోతే ఆ నూనెంతా రిలీఫ్ వాల్వు, అంటే ప్రెజర్ మితిమీరితే నూనె వదిలేసే వాల్వు, దాని మీద పడి హౌసింగ్ విపరీతంగా వేడెక్కుతుంది.

ఇంకోటి అడుగుతా. ట్రక్కు దించేటప్పుడు ఇంజన్ మూలుగుతుందా?

మొదటి రైతు: అవునండీ! ఎత్తేటప్పుడు మూలిగితే బరువనుకోవచ్చు, దించేటప్పుడెందుకో అర్థం కాలేదు.

మెకానిక్: మీ వాల్వు రెండు వైపులా తోసే జాకీ కోసం చేసింది. మీ జాకీకి ఒకటే పైపు. రెండో రంధ్రానికి బిరడా కొట్టేసి ఉంటారు. దించే వైపు లివర్ నొక్కగానే పంపు నూనె ఆ బిరడాకి వెళ్లి గుద్దుకుంటోంది. ఒకే వైపు పనిచేసే కడ్డీ ఉన్న వాల్వు తీసుకోండి, ఎటూ మార్చాలనే అనుకుంటున్నారుగా.

మొదటి రైతు: ప్రెజర్ చాలట్లేదని రిలీఫ్ స్క్రూ కొంచెం బిగించమన్నారండీ మా ఊరి మెకానిక్.

మెకానిక్: దాని జోలికి వెళ్లకండి. నా షాపుకి ఒకాయన పంపు చేతిలో పట్టుకుని వచ్చాడు, ఒంటికి పొడుగునా చీలిక. స్క్రూ నాలుగు చుట్లు తిప్పాడట. ముందు 250 కేజీల మీటరు ఒకటి పెట్టి చూడండి. 150 చూపిస్తే మీకు తక్కువేం లేదు. జాకీ లావు 10 సెంటీమీటర్లు అనుకోండి, లోపలి వైశాల్యం 78 చదరపు సెంటీమీటర్ల పైనే. 150తో గుణిస్తే 11 టన్నుల పైమాట. అంత తోపుకీ ట్రక్కు లేవలేదంటే ఇసుక ఎక్కువేశారని అర్థం.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) ఇసుక సంగతి మనం మాట్లాడొద్దులెండి.

మెకానిక్: నూనె సంగతి మాట్లాడదాం. అదే జాకీ ఒక మీటరు లేచిందంటే దాదాపు 8 లీటర్లు దాని కడుపులోకి పోతుంది. ఆ నూనె వెనక హౌసింగ్‌దే. ట్రక్కు దించి ఉన్నప్పుడు కర్రతో లెవెల్ చూసి పై గీత దాకా పోయండి. ఆ తర్వాత ట్రక్కు పూర్తిగా ఎత్తినప్పుడు పంపు గరగరమని, నూనె మజ్జిగలా తెల్లగా నురగ కడితే గాలి పీలుస్తోందని లెక్క. అప్పుడు విడిగా ట్యాంకు పెట్టక తప్పదు. ఇంకా ఎక్కువ పోస్తే సరిపోతుందనుకోకండి, దించగానే హౌసింగ్‌కి గాలి ఆడే రంధ్రం, అదే బ్రీదర్, లోంచి కక్కేస్తుంది.

వ్యాఖ్యాత: ఇంకో ఫోన్ లైన్‌లో ఉంది. హలో?

రెండో రైతు: బాన్సువాడ దిక్కు నుంచి సార్. అన్న చెప్పింది విన్న. నాది పాత మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్. నేను గూడ ట్రాలీకి ఇట్లనే వాల్వు పెట్టించుకోవాలె.

మెకానిక్: మీరు ఇప్పుడు విన్నదంతా పక్కన పెట్టండి తమ్ముడూ. మీ బండి కథే వేరు. పంపు హౌసింగ్ లోపల నూనెలో మునిగి ఉంటుంది, గేర్ పంపు కాదు, పిస్టన్ పంపు. దాని కంట్రోల్ వాల్వు నూనె బయటికొచ్చే వైపు కాదు, లోపలికి పీల్చే వైపు ఉంటుంది. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌లో హ్యారీ ఫెర్గూసన్ పెట్టిన పద్ధతే అది. లివర్ మధ్యలో ఉంటే మీ పంపు నూనె పీల్చదు, తోయదు. అందుకే మధ్యలో తెరిచి ఉండే వాల్వు మీకు పెట్టడం దండగ. తిరగడానికి నూనె ఉంటే కదా.

రెండో రైతు: మరి ట్రాలీ ఎట్ల లేవాలె సార్?

మెకానిక్: లిఫ్ట్ లివర్‌తోనే. సీటు కింద లిఫ్ట్ కవర్ మీద నూనె తీసుకునే చోటు ఉంటుంది. అక్కడి నుంచి ఒక పైపు, ఒక కాక్. నూనె లిఫ్ట్‌కి వెళ్లాలా, జాకీకి వెళ్లాలా అని మలిపేది. లివర్ ఎత్తితే ట్రాలీ లేస్తుంది, దించితే అదే పైపులో నూనె వెనక్కొస్తుంది. పీటీఓ లివర్, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్‌ది, వేసి ఉండాలి, లేకపోతే పంపే తిరగదు. అది మీకు తెలిసిందేగా.

రెండో రైతు: తెలుసు సార్. లీకుంటే చెయ్యి పెట్టి చూస్తున్న, ఏమన్న అయితదా?

మెకానిక్: అయ్యో, వద్దు! సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టు ఉంటుంది, లోపల కండ కుళ్లుతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎప్పుడైనా చర్మంలోకి పోయిందంటే నొప్పి లేదని ఆగకండి, వెంటనే ఆసుపత్రికి. పైపు విప్పాలంటే ముందు ట్రాలీ, లిఫ్ట్ రెండూ కిందికి దించి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదిపి.

వ్యాఖ్యాత: పొన్నూరు అన్న ఇంకా లైన్‌లోనే ఉన్నారు. ఏదో అడగాలంటున్నారు.

మొదటి రైతు: ఒక్కటే సార్. జాయింట్లకి తెల్ల టేపు చుట్టొచ్చా?

మెకానిక్: కుళాయికి చుట్టుకోండి. ఆ టేపు పీలికలు తెగి వాల్వు కడ్డీలో ఇరుక్కుంటాయి. మీ రంధ్రం బీఎస్‌పీ మర (పైపులకి వాడే ఒక రకం మర) అయితే రబ్బరు అంచు ఉన్న డౌటీ వాషర్ వేయండి, అది చాలు. కొనేటప్పుడు మాత్రం నిప్పుల్, అంటే రంధ్రంలో బిగించే మరల గొట్టం ముక్క, చేత్తో తిప్పి చూడండి. ఐదారు చుట్లు చేత్తోనే ఎక్కాలి. రెండో చుట్టుకే పట్టేసిందంటే అది వేరే మర, స్పానర్ వేయకండి.

వ్యాఖ్యాత: మనకు టైమ్ అయిపోయింది. వచ్చే వారం ఇదే సమయానికి స్ప్రేయర్ల మీద.