బిడ్డకు మాటలు ఆలస్యమైతే మొదట చెవి చూపించండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఏడాదిన్నర నిండిన బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, "వీడు ఇంకా అమ్మా అని కూడా పిలవడం లేదు, ఏమన్నా ఇబ్బంది ఉందంటారా?" అని అడిగే తల్లులను పిల్లల వైద్యురాలిగా నేను దాదాపు ప్రతిరోజూ చూస్తుంటాను. నేను జవాబు చెప్పేలోపే పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు అందుకుంటారు. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని ఒకరు, వాడి మేనమామకు నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదని మరొకరు, అంగన్‌వాడీకి పోతే నలుగురి పిల్లల్లో పడి తానే మాట్లాడతాడని ఇంకొకరు అంటారు. బిడ్డ మీద ప్రేమతో, తల్లికి ధైర్యం చెప్పాలనే వాళ్ళు ఆ మాటలు అంటారు. కొందరు పిల్లల విషయంలో అవి నిజం కూడా అవుతాయి. అయితే ఏ బిడ్డ విషయంలో నిజమవుతాయో, ఏ బిడ్డ విషయంలో కావో, వినికిడి పరీక్ష చేయించకుండా ఎవరమూ చెప్పలేము. అందుకే ఈ రోజు పిల్లల మాటల గురించి మాట్లాడుతూ ఎక్కువసేపు చెవి గురించే చెప్పబోతున్నాను.

మాటలు ఏ వయసులో ఎలా వస్తాయో ముందు క్లుప్తంగా చూద్దాము. తల్లి కడుపులో ఉండగానే, చివరి మూడు నెలల్లో, బిడ్డకు శబ్దాలు వినిపిస్తుంటాయి. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతును గుర్తుపడుతుంది. రెండు మూడు నెలలకు ఉంగా కొడుతుంది. ఆరో నెల దాటి తొమ్మిదో నెల వచ్చేలోగా బబబ, మమమ, తతత అని ఒకే శబ్దాన్ని వరుసగా పలకడం మొదలుపెడుతుంది. ఏడాదికి కాస్త అటూ ఇటూగా అర్థం తెలిసి పలికే మొదటి మాట వస్తుంది. పెదవులు కలిపి పలికేవి బిడ్డకు సులువు కాబట్టి అది చాలా ఇళ్ళలో అమ్మో, అబ్బో, బువ్వో అవుతుంది. రెండేళ్ళు నిండేసరికి 50 దాకా మాటలు వస్తాయి. "బువ్వ వద్దు", "నాయన పోయె" అని రెండేసి మాటలు కలపడమూ మొదలవుతుంది. మూడేళ్ళ బిడ్డ మాట బయటివాళ్ళకు కూడా చాలావరకు అర్థం కావాలి. రాముణ్ణి లాముడు అనడం, రైలును లైలు అనడం ఆ తర్వాత కూడా కొంతకాలం ఉంటుంది, దానికి దిగులుపడనక్కరలేదు.

పిల్లలందరూ ఒకే నెలలో ఒకే మాట మాట్లాడరు. కొద్దిగా ముందూ వెనుకా కావడం సహజం. అయితే ఏడాది నిండినా బబబ, మమమ వంటి పలుకులు లేకపోయినా, కావలసినదాన్ని వేలితో చూపించకపోయినా, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా ఇంకా ఎదురుచూడవద్దు. వచ్చిన మాటలు పోయినట్టు అనిపిస్తే, అది ఏ వయసులోనైనా సరే, వెంటనే తీసుకురండి.

ఇప్పుడు ఒక పాప సంగతి కొంచెం వివరంగా చెబుతాను. మైదుకూరు వైపు ఒక పల్లె నుంచి తల్లి, జేజి కలిసి రెండున్నరేళ్ళ పాపను తీసుకొచ్చారు. చురుకైన పిల్ల, మనిషిని చూస్తే నవ్వుతుంది, నా బల్ల మీద ఉన్న టార్చిలైటు కావాలని చెయ్యి చాపి చూపించింది. మాటలు మాత్రం లేవు. జేజి నాతో, "డాక్టరమ్మా, దీనికి చెవుడేం లేదు. వాకిట్లో ట్రాక్టరు సౌండయితే చాలు, పరిగెత్తుకుంటా పోతాది. నెలల పిల్లప్పుడు బాగా ఉంగా కొట్టింది. పిలిస్తే పలకదు, అంతే. వట్టి మొండిది" అన్నది. అంతకుముందు ఇంకో చోట చూపించుకుంటే, చప్పట్లకు తిరిగి చూసింది కాబట్టి వినికిడి బాగానే ఉందని, మూడేళ్ళ దాకా చూడమని చెప్పి పంపారట.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న తల్లిని నేను అడిగాను. ఆమె నెమ్మదిగా, "పొద్దున పూట నేనేం చెప్పినా దీనికి అర్థమైతాది మేడం. నా మొగం చూస్తాది, నా చేతులు చూస్తాది. రాత్రిపూట కరెంటు పోతే మాత్రం ఏడుపే. నేను పక్కనే ఉండి అమ్మా, ఏం కాదులే అని చెబుతున్నా ఊరుకోదు. తాకితేనే ఊరుకుంటాది. మిగతా పిల్లలు చీకట్లో గొంతు వింటే ఊరుకుంటారు కదా, ఇది ఎందుకు ఊరుకోదు?" అని అడిగింది.

ఈ తల్లి గమనించినంత సూక్ష్మంగా గమనించే వైద్యులు కూడా తక్కువే అని నేను నమ్ముతాను. ఆ పాప పగలంతా తల్లి పెదవులనూ, చేతులనూ, కళ్ళనూ చూసి మాటను పోల్చుకుంటున్నది. చీకటి పడి ముఖం కనిపించకపోతే తల్లి ఆ పాపకు దూరమైపోతున్నది.

పాపను వినికిడి పరీక్షకు పంపించాము. దానిని బెరా పరీక్ష అంటారు. బిడ్డ నిద్రపోతుండగా నుదుటి మీద, చెవుల వెనుక చిన్న బిళ్ళలు అంటించి, చెవిలో సన్నని శబ్దాలు వినిపిస్తూ, అవి చెవి నరం ద్వారా మెదడుకు చేరుతున్నాయో లేదో యంత్రం మీద చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. పాపకు రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువగా ఉందని తేలింది; పూర్తిగా లేకపోవడం కాదు, తక్కువగా ఉండడం. మామూలుగా మనం మాట్లాడుకునే మాట ఆమెకు చేరడం లేదు. ట్రాక్టరు మోత, చప్పట్లు, కిందపడ్డ స్టీలు పళ్ళెం మోత చేరుతున్నాయి.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. శబ్దం వినపడడం వేరు, మాట వినపడడం వేరు. ఎంతోమంది పిల్లలకు బండ మోతలు వినిపిస్తాయి. స, శ, త, క వంటి సన్నని శబ్దాలు వినిపించవు. అలాంటి బిడ్డకు మన మాట లోతైన బావిలో నుంచి ఎవరో పిలుస్తున్నట్టు, గొంతు తప్ప మాట తెలియకుండా అందుతుంది. ఇక ఉంగా కొట్టిన సంగతి. పుట్టుచెవుడు ఉన్న పిల్లలు కూడా మొదటి నెలల్లో ఉంగా కొడతారు. తమ గొంతు తమకు వినపడదు కాబట్టి నెలలు గడిచేకొద్దీ ఆ పలుకులు పెరగవలసింది పోయి తగ్గుతూ వస్తాయి. చిన్నప్పుడు ఉంగా కొట్టింది కదా అని నిశ్చింతగా ఉండవద్దని నేను మరీ మరీ చెప్పేది అందుకే.

ఆ పాపకు రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. మిషను పెట్టగానే మాటలు రాలేదు, ఎవరికీ రావు. మొదటి వారాల్లో పాప వాటిని పీకి పారేసేది. కుక్కరు విజిల్ వేస్తే హడలి ఏడ్చేది. తల్లి మిషన్లకు దారం కట్టి, ఆ దారాన్ని గౌనుకు పిన్నీసుతో పెట్టింది. స్పీచ్ థెరపీలో నేర్పిన ప్రకారం, బియ్యం ఏరుతున్నా, బట్టలు ఉతుకుతున్నా, పాప ముఖానికి ఎదురుగా కూర్చొని చేస్తున్న పనిని మాటల్లో చెప్పేది. నెలల తర్వాత జేజిని జే అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పాప బడికి పోతున్నది, వాక్యాలు మాట్లాడుతున్నది, స మాత్రం ఇంకా సరిగ్గా పలకదు. తల్లి మాటను ఏడాది ముందే మనమందరం నమ్మి ఉంటే ఆ స కూడా పలికేదేమోనన్న బాధ నాకు ఈనాటికీ ఉన్నది.

పుట్టే ప్రతి 1000 మంది శిశువుల్లో ఒకరికో ఇద్దరికో పుట్టుకతోనే తీవ్రమైన వినికిడి లోపం ఉంటుంది. మన రాయలసీమలో మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకోవడం ఈనాటికీ ఎక్కువే కాబట్టి మనం ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. తల్లిదండ్రులిద్దరికీ చెవులు బాగానే ఉన్నా, దగ్గరి రక్తసంబంధంలో ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో బయటపడవచ్చు. దీనికి ఆ తల్లిని నిందించడం అన్యాయం. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకు, పుట్టగానే తీవ్రమైన కామెర్లు వచ్చినవారికి, మెదడు పొరల వాపు జ్వరం వచ్చి తగ్గినవారికి కూడా మాటల కోసం ఎదురుచూడకుండానే చెవి పరీక్ష చేయించాలి. మొదటి నెలలోపే పరీక్ష, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స జరగాలని ప్రపంచమంతటా వైద్యులు చెబుతున్నారు.

ఇంట్లో మీరూ కొంత గమనించవచ్చు. బిడ్డ ఆటలో ఉన్నప్పుడు వెనుక నుంచి, మీ నీడ పడకుండా, చేతి గాజులు గలగలలాడకుండా, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచి చూడండి. చప్పట్లు కొట్టవద్దు, నేల మీద కాలు తట్టవద్దు. గాలి తగిలినా, నేల అదిరినా బిడ్డ తిరుగుతుంది, అది వినికిడి కాదు. ఇలా పిలిస్తే తిరిగిందని కూడా పరీక్ష మానుకోవద్దు. తిరగకపోతే ఆలస్యం చేయవద్దు, అంతే.

తరచుగా జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనుక నీరు చేరి కొంతకాలం వినికిడి తగ్గుతుంది. అది చాలామందిలో కొన్ని నెలలకు దానంతట అదే తగ్గిపోతుంది, తగ్గకపోతే చిన్న ఆపరేషనుతో నయమవుతుంది. తలంటు పోసేటప్పుడు చెవుల్లో నూనె పోయడం మాత్రం దయచేసి మానండి. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం, చిలక కొట్టిన పండు తినిపించడం మన పెద్దల నుంచి వచ్చిన అలవాట్లు. పండు తినిపించండి, తప్పులేదు. వస మాత్రం, మోతాదు తెలియకుండా పసిబిడ్డ నోట్లో వేయవద్దు. నాలుక కింద తీగ బిగిసి ఉంటే పాలు తాగడానికీ, కొన్ని అక్షరాలకూ ఇబ్బంది కావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కడప, కర్నూలు కుటుంబాలు, కన్నడమూ తెలుగూ కలిసిన మడకశిర, రాయదుర్గం వైపు కుటుంబాలు రెండు భాషల వల్ల బిడ్డ తికమక పడుతున్నదేమోనని అడుగుతుంటాయి. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు. రెండింటిలో వచ్చిన మాటలూ కలిపి లెక్కపెట్టండి.

సెల్‌ఫోను గురించి ఒక్క మాట. రెండేళ్ళలోపు బిడ్డకు ఫోను చూపిస్తూ అన్నం పెట్టకండి. ఫోను మాట్లాడుతుంది కానీ బిడ్డ పలికితే బదులు పలకదు. పనుల కోసం గుంటూరుకో, బెంగళూరుకో వలస పోయే ఆదోని, కోసిగి వైపు తల్లిదండ్రులు పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి వెళ్ళక తప్పని పరిస్థితి నాకు తెలుసు. ఆ అవ్వలకూ, తాతలకూ నేను చెప్పేది ఒకటే: బిడ్డతో మాట్లాడుతూ ఉండండి, కథ చెప్పి ఊ కొట్టించండి.

చెవి పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలి, అయినా బిడ్డ పేరు పిలిస్తే పలకక, కళ్ళలోకి చూడక, వేలితో ఏదీ చూపించక, తన లోకంలో తాను ఉంటే అది ఆటిజం కావచ్చు. అక్కడ కూడా తొందరగా మొదలుపెట్టిన శిక్షణే బిడ్డకు మేలు చేస్తుంది. అయితే ఆ ఆలోచనకు ముందు కూడా చెవి పరీక్ష జరిగి తీరాలి.

ఎక్కడికి పోవాలి? మీ అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు వినికిడి లోపంతో సహా అనేక సమస్యలను ఉచితంగా గుర్తించి పై ఆసుపత్రికి పంపుతారు. కడప, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగాలు ఉన్నాయి. అక్కడ, "బిడ్డకు మాటలు రాలేదు, వినికిడి పరీక్ష చేయించాలి" అని స్పష్టంగా అడగండి. పెద్ద పరీక్షలకు, శిక్షణకు మైసూరులో 1965 నుంచి పనిచేస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది. మిషన్లతో లాభం లేని పిల్లలకు, చెవి లోపల చిన్న పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను చేస్తారు; దానికి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, కానీ వయసు పెరిగేకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది.

చివరగా, పరీక్షకు వచ్చే రోజు గురించి. బెరా పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. దూరపు పల్లెల నుంచి బస్సులో వచ్చే పిల్లలు దారిపొడవునా హాయిగా నిద్రపోయి, ఆసుపత్రికి రాగానే మేలుకొని ఆడుకుంటారు. పరీక్ష జరగక తల్లి కూలి పోగొట్టుకొని తిరిగి వెళుతుంది. అందుకని ముందు రోజు రాత్రి బిడ్డను కాస్త ఆలస్యంగా పడుకోబెట్టండి, తెల్లవారుజామునే లేపండి, బస్సులో పాట పాడో, కిటికీ లోంచి ఏదో చూపించో మేలుకొని ఉండేలా చూడండి. తలకు నూనె పెట్టకండి, అంటించే బిళ్ళలు నిలవవు. పాలు, అన్నం దారిలో కడుపునిండా పెట్టకుండా, పరీక్ష గది దగ్గరికి వచ్చాక, మీ వంతు వచ్చే ముందు పెట్టి ఒడిలో జోకొట్టండి.

నమస్కారం.