మంచు కోసం ఎంత దూరం, ఎండ కోసం ఎంత దూరం

నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క. ఒకరికి కొండదారుల్లో సైకిల్ తొక్కడం ఇష్టం. ఆ దారి ఇంటికి 40 కిలోమీటర్లు. ఏడాదిలో 30 ఆదివారాలు సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్లొస్తారు. ఇంకొకరికి స్కీయింగ్ అంటే ప్రాణం. మంచు కొండ 700 కిలోమీటర్ల దూరం. ఏడాదికి ఒక్కసారే వెళ్తారు, వారం రోజులు ఉండి వస్తారు. ఇద్దరిలో ఎక్కువ దూరం తిరిగింది ఎవరు?

చాలామంది ఠక్కున స్కీయింగ్ మనిషే అంటారు. స్కీయింగ్‌కు రానూపోనూ 1,400 కిలోమీటర్లు. సైకిల్‌కు రానూపోనూ 80, ముప్పై ఆదివారాలకు 2,400. పక్కనే ఉన్న ఆటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ తిప్పింది.

అందుకే ఈ దూరాన్ని రెండు రకాలుగా అడగాలి. ఒక్క విడతకు ఎంత? ఏడాది మొత్తానికి ఎంత? విడత లెక్కన చూస్తే మామూలుగా చలికాలం ఆటలదే పైచేయి. ఏడాది లెక్కన చూస్తే వేసవి ఆటలు చాలాసార్లు దాన్ని దాటేస్తాయి. ఈ తేడా ఎందుకొస్తుందో, దాన్ని బట్టి ప్రయాణం ఎలా కట్టుకోవాలో ఇవాళ చూద్దాం. వేసవి అలవాటుతో చలికాలం దూరాన్ని కొలిచి ఇబ్బంది పడేవాళ్లు చాలామందే ఉన్నారు. ముఖ్యంగా వాళ్ల కోసం ఈ వీడియో.

అసలు కారణం ఆట కాదు, మంచు. పరుగుకు దారి చాలు, ఈతకు నీళ్లు చాలు. స్కీయింగ్‌కు మాత్రం వాలు ఉండాలి, ఆ వాలు మీద మంచు నెలల తరబడి కరగకుండా నిలవాలి. పైకి వెళ్లేకొద్దీ గాలి ప్రతి వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కింద ఊళ్లో 8 డిగ్రీలు ఉన్న రోజున, అక్కడికి 1,500 మీటర్ల ఎత్తున సున్నాకు దిగువనే ఉంటుంది. అంటే మంచు ఆట ఆడాలంటే ఉత్తరానికైనా వెళ్లాలి, ఎత్తుకైనా ఎక్కాలి. ఎక్కువమంది ఉండేది ఈ రెండూ లేనిచోట.

మంచు వెనక్కి తగ్గితే మనిషి దాని వెంట ఎలా పోతాడో చూడాలంటే డచ్చివాళ్ల స్కేటింగ్‌ను చూడాలి. వాళ్ల దేశం నెదర్లాండ్స్‌లో ఫ్రీజ్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడ కాలువలు గడ్డకట్టినప్పుడు పదకొండు పట్టణాలను కలుపుతూ దాదాపు 200 కిలోమీటర్లు స్కేటింగ్ చేసే పోటీ ఒకటుంది, పేరు ఎల్ఫ్‌స్టేడెన్‌టోఖ్ట్. దారి పొడవునా ఐసు కనీసం 15 సెంటీమీటర్ల మందం ఉంటేనే పెడతారు. 1909లో మొదలైన ఈ పోటీ ఇప్పటిదాకా జరిగింది 15 సార్లే, చివరిది 1997 జనవరిలో. ఆ మందం రావడం అరుదైపోయేసరికి వాళ్లేం చేశారు? 1989 నుంచి ఆస్ట్రియాలో వైసెన్‌జే అనే సరస్సు మీద, అదే 200 కిలోమీటర్ల పోటీని ప్రత్యామ్నాయంగా నడుపుతున్నారు. ఆ సరస్సు సముద్రమట్టానికి 930 మీటర్ల ఎత్తున ఉంది, అందుకే బాగా గడ్డకడుతుంది. డచ్చివాళ్లకు అది రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే. గుమ్మం ముందు కాలువలో ఆడే ఆట కోసం ఇప్పుడు వేరే దేశానికి వెళ్తున్నారు. ఆట మారలేదు, మనుషులూ మారలేదు. ఐసు ఉండే చోటు మారింది, దూరం మారింది.

మరి మంచును మనమే తయారు చేసుకోవచ్చు కదా అని అడగొచ్చు. చేస్తున్నారు. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా యంత్రాలు చేసిన మంచు మీదే జరిగాయి. కానీ స్నో గన్ అద్భుతాలు చేయలేదు. అది నీటిని సన్నని తుంపరగా గాల్లోకి చిమ్ముతుంది, ఆ తుంపర నేలను తాకేలోపు గడ్డకట్టాలి. దానికి తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు మైనస్ రెండున్నరకు దిగాలి. తడి బల్బు అంటే, థర్మామీటర్ మొనకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే చూపించే అంకె. గాలి పొడిగా ఉంటే తుంపరలో కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని చల్లబరుస్తుంది. అందుకే పొడిగాలిలో ప్లస్ ఒక డిగ్రీ దగ్గర కూడా మంచు చేయొచ్చు. అదే గాలి చెమ్మగా ఉంటే సున్నా దగ్గర కూడా నీళ్లే పడతాయి. కాబట్టి ఆ యంత్రం చల్లని చోట సీజన్‌ను పొడిగిస్తుందే గానీ, సీజన్‌ను వెచ్చని చోటికి తేలేదు. నాలుగు గోడల మధ్య పెట్టుకోవచ్చు. 2005లో తెరిచిన స్కీ దుబాయ్ అలాంటిదే. అక్కడి పొడవైన వాలు 400 మీటర్లు, పై నుంచి కిందకు ఎత్తు తేడా సుమారు 60 మీటర్లు. ప్రపంచ స్థాయి డౌన్‌హిల్ పోటీలో, అంటే కొండ మీంచి వేగంగా కిందికి జారే పోటీలో, పురుషులు దిగే ఎత్తు 800 మీటర్లకు పైమాటే. నేర్చుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది, కొండకు మాత్రం బదులు కాదు.

వేసవి ఆటలన్నీ ఇంటి పక్కనే ఉంటాయనీ అనుకోకండి. 2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు ఎక్కడ జరిగాయి? పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవిలో టెయాహుపో దగ్గర. పారిస్ నుంచి 15 వేల కిలోమీటర్లకు పైగా. మంచి అల లేవాలంటే ఎక్కడో మహాసముద్రం మధ్యన తుపాను రేగాలి, ఆ అల వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి సరైన ఆకారంలో ఉన్న పగడపు దిబ్బను తాకాలి. ఆ దిబ్బను ఎవరూ ఊరికి తెచ్చుకోలేరు. అంటే సర్ఫింగ్ వేసవి ఆటే అయినా మంచు ఆటలాగే ప్రవర్తిస్తుంది. ఆడే చోటు అరుదైతే కాలం ఏదైనా దూరం పెరుగుతుంది. వేసవి, చలికాలం అన్న పేర్ల కంటే ఈ అరుదుతనాన్ని చూస్తేనే సంగతి బాగా అర్థమవుతుంది.

ఒక చోటు కోసం జనం ఎంత దూరం వస్తున్నారో చూసి, ఆ చోటు విలువ కట్టొచ్చని చెప్పింది అమెరికా ఆర్థికవేత్త హెరాల్డ్ హోటెలింగ్. 1947లో అక్కడి నేషనల్ పార్కుల శాఖకు రాసిన ఉత్తరంలో ఆ ఆలోచన ఉంది. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఏ వలయం నుంచి ఎంతమంది వస్తున్నారో, రావడానికి వాళ్లకు ఎంత ఖర్చవుతుందో లెక్కపెట్టండి అన్నాడాయన. ఊరి మైదానానికి ఈ వలయాలు గీస్తే రెండో వలయానికే జనం పలచబడిపోతారు. పెద్ద స్కీ కొండకు గీస్తే చివరి వలయం సముద్రాలు దాటి ఉంటుంది.

ఇప్పుడు ప్రయాణం కట్టుకోవడం దగ్గరికి వద్దాం. యూరప్‌లోని ఆల్ప్స్ కొండల ప్రాంతంలో జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు, డిసెంబరు చివర్లో ఎనిమిదిన్నర. వేసవిలో రెండు గంటలు కారు నడిపి వెళ్లినా, ఎక్కడానికి, తొక్కడానికి బోలెడంత వెలుగు మిగులుతుంది. చలికాలంలో స్కీయర్లను కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు తొమ్మిదికి తెరిచి నాలుగుకు మూసేస్తుంది అనుకుందాం. ఏడు గంటలు. తిండికి, విశ్రాంతికి ఒక గంట తీసేయండి, ఆరు మిగిలింది. వరుసలో పది నిమిషాలు, లిఫ్టులో పది, దిగడానికి ఐదు. ఒక చుట్టుకు 25 నిమిషాలు. ఆరు గంటల్లో పద్నాలుగు చుట్లు. అంటే రోజు మొత్తంలో మంచు మీద నిజంగా జారేది 70 నిమిషాలు! ఈ 70 నిమిషాల కోసం అటు నాలుగు గంటలు, ఇటు నాలుగు గంటలు ఒక్క రోజులో నడపడం మాకైతే సబబుగా అనిపించదు. అలసిన కాళ్లతో, చీకట్లో, ఐసు రోడ్డు మీద వెనక్కి రావాలి కూడా. మేం చెప్పే కొలత ఇది: ఒక్కరోజు ప్రయాణమైతే ఒక వైపు రెండు గంటలు మించకూడదు. అంతకు మించితే, ఒక వైపుకు ఎన్ని గంటలో అందులో సగం రోజులైనా మంచు మీద ఉండండి. ఎనిమిది గంటల ప్రయాణానికి నాలుగు రోజులు.

వారం కూడా చూసుకోవాలి. ఆల్ప్స్‌లో చాలా బసలు శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే రోజు, ఒకే లోయ రోడ్డు మీద. ఫ్రాన్స్ ఈ రద్దీని పంచడానికి బడి సెలవులను మూడు జోన్లుగా విడగొట్టింది. అయినా ఫిబ్రవరి శనివారాలు నరకమే. అదే రోడ్డు మంగళవారం ఖాళీగా ఉంటుంది.

విమానంలో వెళ్లేవాళ్లు కిలోమీటర్ల కంటే టైమ్ జోన్లు లెక్కపెట్టండి. జూలైలో మంచు కావాలంటే దక్షిణార్ధగోళానికి పోవాలి: చిలీ, అర్జెంటీనా, న్యూజిలాండ్. న్యూయార్క్ నుంచి చిలీలోని శాంటియాగోకు 8 వేల కిలోమీటర్ల పైనే. కానీ జూలైలో రెండు నగరాల గడియారాలూ ఒకే సమయం చూపిస్తాయి. నిద్ర చెదరదు, మర్నాడే కొండెక్కొచ్చు. సిడ్నీ నుంచి జపాన్‌లోని హొక్కయిదోకూ దాదాపు అంతే దూరం, జనవరిలో తేడా రెండు గంటలే. తూర్పు పడమరలుగా అంతే దూరం పోతే మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు మాట వినదు.

సామాను విషయంలో వేసవి ఆటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. స్కీలు ఒక పొడుగాటి సంచిలో పడుకుంటాయి. సైకిల్‌ను విప్పాలి: పెడళ్లు తీయాలి, హ్యాండిల్ తిప్పాలి, వెనక డిరైలర్‌ను, అంటే గేరు మార్చే భాగాన్ని, అది వేలాడే హ్యాంగర్ నుంచి ఊడదీసి గుడ్డ చుట్టి ఫ్రేముకు కట్టాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, కుడివైపుకు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలంగా ఎడమకు తిప్పి ఇంకా బిగించేస్తారు. ఈ-బైక్ బ్యాటరీ మామూలుగా 160 వాట్ అవర్లు దాటుతుంది కాబట్టి ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. క్యాంపు స్టవ్ గ్యాస్ డబ్బాలూ అంతే. రెండూ దిగాక అద్దెకు తీసుకునేవో, కొనుక్కునేవో అనుకుని బయలుదేరండి.

ఇక అసలు దూరం, ఘాట్ రోడ్డు. పటంలో 700 కిలోమీటర్లలో 670 కిలోమీటర్లు ఏ కాలంలోనైనా ఒకటే. చివరి ముప్పై వేరు. వేసవిలో 40 నిమిషాల దారి, మంచు పడుతుంటే రెండు గంటలు తినొచ్చు. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా చలికాలానికని చేసిన వింటర్ టైర్లయినా ఉండాలి, మంచు మీద పట్టు కోసం టైర్లకు చుట్టే చెయిన్లయినా కారులో ఉండాలి. ఆస్ట్రియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోడ్డు మీద మంచు ఉంటే వింటర్ టైర్లు తప్పనిసరి, వాటి గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లు. డీజిల్ కారైతే వెచ్చని ప్రాంతంలో నింపిన ట్యాంకుతో పైకి ఎక్కకండి. గట్టి చలికి ఆ డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది, తెల్లారి బండి కదలదు. కొండ కింద బంకులో చలికాలపు డీజిల్ నింపుకోండి. ఎలక్ట్రిక్ కారుకు చలిలో రేంజ్, అంటే ఒక్క చార్జితో వెళ్లగలిగే దూరం, బాగా పడిపోతుంది. ప్లగ్గులో ఉండగానే లోపల వేడి చేసి బయలుదేరితే కొంత మిగులుతుంది.

చెయిన్లు. టైరు పక్కన 205/55 ఆర్ 16 లాంటి అంకెలుంటాయి, చెయిన్ల పెట్టె మీద అదే కొలత ఉండాలి. మీ కారుకు చెయిన్ పడుతుందా, ఏ చక్రాలకు వేయాలి అన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజిన్ బలం ముందు చక్రాలకు వచ్చే కారైతే ముందు చక్రాలకే. ఇంటి దగ్గర పొడినేల మీద ఒకసారి వేసి తీసి చూడండి. మంచులో, చీకట్లో, గడ్డకట్టిన వేళ్లతో మొదటిసారి వేయడం చాలా కష్టం.

ఎక్కుడు మొదలవకముందే, చదునైన వెడల్పాటి చోట ఆపండి. జారడం మొదలయ్యాక ఆపితే వెనకవాళ్లకూ దారి ఉండదు. హ్యాండ్ బ్రేకు, నాలుగు లైట్లు. చెయిన్‌ను నేల మీద పరిచి మెలికలు తీయండి. లోపలి కేబులును టైరు వెనక నుంచి పోనిచ్చి, రెండు కొసలనూ పైన కలపండి, కలిపిన చోటును టైరు వెనక్కి నెట్టేయండి. తర్వాత బయటి కొక్కెం తగిలించి, బిగించే గొలుసును లాగి రబ్బరుతో కట్టండి. వంద మీటర్లు మెల్లగా నడిపి ఆపి మళ్లీ బిగించాలి, ఎందుకంటే చక్రం తిరిగాకే చెయిన్ సర్దుకుని వదులవుతుంది. ఈ రెండో బిగింపు మానేసినవాళ్ల చెయినే ఊడొచ్చి చక్రం లోపలి గొట్టాలకు తగులుతుంది. వేగం 50 దాటకూడదు, ఆక్సిలరేటర్ మెల్లగా తొక్కాలి. నల్లటి తారు కనబడగానే ఆపి తీసేయండి, లేకపోతే లింకులు అరిగి తెగుతాయి.

తిరిగొచ్చాక చెయిన్లను అలాగే సంచిలో పడేయకండి. రోడ్డు మీద చల్లిన ఉప్పు వాటికి అంటుకుని ఉంటుంది. మంచినీళ్లతో కడిగి, వేలాడదీసి ఆరబెట్టి, అప్పుడు సంచిలో పెట్టండి.